శాఖాపరంగా రాని పొట్టేలు

లెంక వసుంధరకు ప్రభుత్వం జీతమిస్తున్నది ప్రభుత్వంతో దెబ్బలాడటానికి. పోలీసులు పట్టుకొచ్చిన మనిషికి వకీలును పెట్టుకునే తాహతు లేకపోతే, అతని పక్షాన కోర్టులో నిలబడి "ఇతను దొంగని మీకెవరు చెప్పారు?" అని అడగటం ఆమె ఉద్యోగం. కొండగెడ్డ అనే ఆ చిన్న ఊళ్లో పాత పశువుల ఆస్పత్రికి సున్నం కొట్టించి, "ప్రభుత్వ న్యాయ రక్షణ కార్యాలయం" అని బోర్డు తగిలించి, ఇద్దరు జూనియర్లనిచ్చి, ఆమెను అధిపతిగా కూర్చోబెట్టారు. గాలికుంటు వ్యాధి లక్షణాలు తెలిపే గోడబొమ్మను మాత్రం అలాగే ఉంచారు. దాన్ని చెరపాలంటే పశుసంవర్ధక శాఖవారి అనుమతి కావాలట, అది ఇంకా రాలేదు.

ఆ ఉద్యోగానికి ఆమెకంటే తగిన మనిషి లేదని ఆమె అంటే గిట్టనివాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఆమె నోరు అలాంటిది. లేచి కళ్లజోడు సవరించుకుందంటే చాలు, బోనులో ఉన్న హెడ్ కానిస్టేబులు మంచినీళ్లు అడిగేవాడు. ప్రభుత్వ వకీలు సోమేశ్వర పట్నాయక్ కూడా తక్కువవాడేం కాదు. పొద్దున్నంతా ఇద్దరూ కోర్టులో కత్తులు దూసుకునేవాళ్లు, మధ్యాహ్నం కోర్టు వెనకాల బడ్డీలో ఒకే బల్లమీద కూర్చుని టీ తాగేవాళ్లు. ఆ గొడవలో ఎక్కడో న్యాయం కూడా అప్పుడప్పుడూ జరిగిపోయేది.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఎక్కడో రోడ్ల శాఖవారు వేసిన రోడ్డును మంచినీళ్ల శాఖవారు మర్నాడే తవ్వారనీ, ఆ రెండు శాఖలవారూ విలేకరుల ముందు ఒకరి బండారం ఒకరు బయటపెట్టుకున్నారనీ, దానితో పైవారి మనసు కలతచెందిందనీ తర్వాత తెలిసింది. ఉత్తర్వు సారాంశం ఇది. "ప్రభుత్వ ధనముతో పోషింపబడు ఏ శాఖవారును మరియొక శాఖవారి అభిప్రాయమును బహిరంగ ప్రదేశమునందు ఖండింపరాదు. అభిప్రాయభేదములున్నచో సమన్వయ సమావేశమునందు పరిష్కరించుకొని, పిమ్మట ఉభయులును ఏకవాక్యముగా మాట్లాడవలెను."

వసుంధర దాన్ని జూనియర్లకు పైకి చదివి వినిపించింది. "పాపం, రోడ్లవాళ్ల నోరు కట్టేశారు" అని నవ్వి పక్కన పెట్టేసింది.

అదే వారంలో తవిటమ్మ వచ్చింది. ఆమె భర్త కూర్మయ్య గొర్రెల కాపరి. సింహాచలం అనే రైతు తన పొట్టేలు కనపడటం లేదని పోలీసులకు చెప్పుకున్నాడు. పోలీసులు ఊరవతల మంద తోలుకుపోతున్న కూర్మయ్యను ఆపారు. మందలో వెతికితే ఒక పొట్టేలు కనపడింది. పోయింది పొట్టేలు, దొరికింది పొట్టేలు, ఇంకేం కావాలి? పొట్టేలును ఠాణాలో కట్టేశారు, కూర్మయ్యను సబ్‌జైల్లో పెట్టారు. గొర్రెల మందలో ఒక పొట్టేలు ఉండటం లోకసహజమని ఎవరికీ తట్టలేదు.

"అది మా పొట్టేలు తల్లీ" అంది తవిటమ్మ. "తల్లి సచ్చిపోతే నానే గేదిపాలు పట్టి పెంచినాను. అది నేకపోతే మంద ఏటవుద్ది? గొర్రిలు సూలు కట్టవు, పిల్లలు పుట్టవు. మాకు పొలమా, పుట్రా? ఆ మందే మా బతుకు. నా పెనిమిటినీ ఇప్పించు, నా పొట్టేల్నీ ఇప్పించు."

ఆమె వెనకనే గుమ్మంలో ఇంకొకడు నిలబడి ఉన్నాడు. అతని చేతిలో తాడు, తాడు చివర పొట్టేలు. ఆ మనిషి సింహాచలం.

"నా పొట్టేలు దానంతటదే వచ్చీసిందమ్మా" అన్నాడు అతను సిగ్గుపడుతూ. "పక్కూరు జాతరకాడ తిరిగి తిరిగి వచ్చీసింది. ఠాణాకెళ్లి సెప్పినాను. ఎవరూ ఇనుకోనేదు. కోర్టులో సెప్పుకో అన్నారు."

వసుంధరకు ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికైన కేసు ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. సింహాచలం కోర్టులో రెండు ముక్కలు చెబితే అయిపోతుంది. "వారం తిరక్కుండా నీ మొగుడూ నీ పొట్టేలూ ఇంటిదగ్గరుంటారు, పో" అని తవిటమ్మకు మాటిచ్చేసింది.

మర్నాడు ఉభయపక్ష సమన్వయాధికారి రాజవర్ధనరావుగారు జీపు దిగారు.

ఆయన మర్యాదస్తుడు. వచ్చీరాగానే గాలికుంటు బొమ్మకు కూడా నమస్కారం పెట్టబోయి ఆగారు. కూర్చున్నాక, "తమరి కార్యాలయముపై తీవ్రమైన ఆరోపణ ఉన్నది" అన్నారు. "తమరు ప్రతిదినమూ న్యాయస్థానమునందు పోలీసు శాఖవారిని ఖండించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది."

"అదే కదండీ నా పని" అంది వసుంధర.

"పని వేరు, పద్ధతి వేరు. తమరి జీతమెవరిది? ప్రభుత్వముది. పట్నాయక్‌గారి జీతమెవరిది? ప్రభుత్వముది. కుడిచేయి ఎడమచేతిని గిచ్చినచో దేహమునకు నొప్పి కదా? తమరు దెబ్బలాడవచ్చును. గది తలుపులు మూసుకొని, అజెండా ప్రకారము దెబ్బలాడవలెను. బయటకు మాత్రము ఒక్క మాటతో రావలెను."

వసుంధర మామూలుగా అయితే ఆయన్ను ఆ జీపుదాకా మాటలతోనే తరిమేది. కానీ ఆయన లేస్తూ లేస్తూ, ఆమె జూనియర్లిద్దరూ కాంట్రాక్టు ఉద్యోగులనీ, వారి కొనసాగింపు సమన్వయంలో వచ్చే మార్కులను బట్టి ఉంటుందనీ ప్రేమగా గుర్తుచేశారు. జూనియర్లిద్దరూ ఆమె వంక చూశారు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

మొదటి సమన్వయ సమావేశం సోమవారం జరిగింది. కూర్మయ్యకు బెయిలు ఇవ్వాలని వసుంధర అంది. ఇవ్వకూడదని పట్నాయక్ అన్నాడు. ఇదివరకైతే ఈ రెండు మాటలూ మేజిస్ట్రేటుగారు విని ఏదో ఒకటి తేల్చేవారు. రాజవర్ధనరావుగారు ఇద్దరికీ చెరో బిస్కెట్టు ఇచ్చి, మధ్యేమార్గం తేల్చారు. పగలు బెయిలు, రాత్రి జైలు.

"అలా ఎక్కడైనా ఉంటుందా?" అంది వసుంధర.

"లేకున్నచో నెలకొల్పుదము" అన్నారాయన.

సబ్‌జైలువారు ఒప్పుకోలేదు. రోజూ తాళం తీసి వేయటానికి మనిషి లేడన్నారు. పైగా జైళ్లది వేరే శాఖ, వాళ్లతో వేరే సమన్వయం కావాలి. దాంతో బెయిలు దరఖాస్తు ఆ సమావేశానికి వాయిదా పడింది, ఆ సమావేశం ఇంకో సమావేశానికి వాయిదా పడింది. కోర్టులో మాత్రం వసుంధరా పట్నాయకూ పక్కపక్కన నిలబడి వాయిదా కోరుతూ ఉమ్మడి మెమో ఇచ్చారు. మేజిస్ట్రేటుగారు చదివి ఆశ్చర్యపోయి, ఆనందించారు. "మీరిద్దరూ ఒక మాటమీద ఉన్నాక మధ్యలో నేనెవర్నండీ కాదనడానికి" అని సంతకం చేశారు. ఆరోజు కోర్టు టిఫిను వేళకే అయిపోయింది. ఆయన ఇంటికెళ్లి చాలా కాలం తర్వాత భార్యతో కలిసి వేడివేడిగా భోంచేశారు.

రెండో సమావేశంలో వసుంధర బల్ల చరిచింది. "అసలు పోయిందన్న పొట్టేలు ఇంటికొచ్చేసింది! కావాలంటే కిటికీలోంచి చూడండి, కోర్టు ఆవరణలో క్రోటన్ మొక్కలు తింటోంది!"

అందరూ కిటికీలోంచి చూశారు. పొట్టేలు తింటోంది. సింహాచలం దండం పెట్టాడు.

రాజవర్ధనరావుగారు వచ్చి కూర్చున్నారు. "నేనును చూచితిని. అయినను, పోలీసు శాఖవారి రికార్డునందు ఆ పొట్టేలు పోయియున్నది. వచ్చినదనుట పోలీసు శాఖను ఖండించుట యగును. కావున ఆ పొట్టేలు వ్యక్తిగతముగా వచ్చియుండవచ్చును గాని, శాఖాపరముగా ఇంకను రాలేదు."

పట్నాయక్ తల వంచుకుని నవ్వాపుకుంటున్నాడు. వసుంధర అతన్ని బయట నిలదీసింది. "మీకు తెలీదా పట్నాయక్‌గారూ, ఆ మనిషి తియ్యలేదని? సింహాచలం మీ సాక్షి. మీరు పిలవండి."

"తెలుసమ్మా. కానీ పిలిస్తే ఖండించినట్టవుతుంది. నాకు వచ్చే ఏడు ప్రమోషనుంది" అన్నాడతను. వాళ్లు ఆరోజు టీకి వెళ్లలేదు.

అంతకుముందు ఆ సమావేశం చివర్లో, టీ వచ్చాక, హెడ్ కానిస్టేబులు లేచి ఇంకో సంగతి విన్నవించుకున్నాడు. ఠాణాలో కట్టేసిన పొట్టేలుకు మేత పెట్టడానికి బడ్జెట్ లేదు. స్టేషను ఫైళ్లు నములుతోంది. "తగు చర్య తీసుకొనవలెను" అని రాజవర్ధనరావుగారు చెప్పి రాయించారు. అందరూ సంతకాలు పెట్టారు. వసుంధర టీ చల్లారుతుందని గబగబా పెట్టేసింది.

మూడో సమావేశానికి కూర్మయ్యనే పిలిపించారు. ఇద్దరు పోలీసులు తీసుకొచ్చారు. గొర్రెల వెంట కోసులకొద్దీ నడిచే మనిషికి నాలుగు గోడల మధ్య కూర్చుని కూర్చుని కాళ్లు వాచిపోయాయి.

"నాను తియ్యనేదు బాబూ" అన్నాడు.

రాజవర్ధనరావుగారు నొచ్చుకున్నారు. "నాయనా, నీవు ఇప్పుడెవరి అన్నము తినుచున్నావు?"

"జైల్లో పెడతన్నారు బాబూ."

"అనగా ప్రభుత్వ ధనముతో పోషింపబడుచున్నావు. కావున ఉత్తర్వు నీకును వర్తించును. నీవు పోలీసు శాఖను ఖండింపరాదు."

కూర్మయ్య వసుంధర వంక చూశాడు. ఆమె లేచింది. ఎన్నాళ్ల తర్వాతో ఆ గది అదిరేలా వాదించింది. గంటసేపు ఆయన ఓపిగ్గా విన్నారు. చివరికి ఉభయతారకంగా ఒక వాక్యం తయారైంది. "ముద్దాయి సదరు పొట్టేలును పాక్షికముగా దొంగిలించినట్లు ఉభయపక్షములును అంగీకరించుచున్నవి." దాని వల్ల శిక్ష సగమవుతుందనీ, ఇంకో నాలుగు సమావేశాలు పెట్టుకుంటే పావు కూడా కావచ్చుననీ ఆయన హామీ ఇచ్చారు.

"ఏ సగం తీసినానంటారు బాబూ?" అని అడిగాడు కూర్మయ్య. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

వసుంధర ఆ కాగితంమీద సంతకం పెట్టలేదు. పెట్టలేదంటే, ఆరోజు పెట్టలేదు. పరిశీలనలో ఉంచుదామంది. తనకది గెలుపులాగే అనిపించింది. ఆ సాయంత్రం తవిటమ్మకు కూడా గెలిచినట్టే చెప్పింది.

"గెలిస్తే మావాడేడమ్మా?" అంది తవిటమ్మ. బస్సు కిరాయికీ నూకలకీ ఒక్కొక్క గొర్రెనే అమ్ముకుంటోంది. మిగిలినవాటికి సూలు నిలవలేదు. "పొట్టేలు నేదు కదా మరి. అది ఠాణాలో ఎలగుందో. ఒకపాలి సూసి రామ్మా, నన్ను లోనికి రానియ్యరు."

చూసొస్తానంది వసుంధర. చూడలేదు. ఆ వారమే కొండగెడ్డకు అవార్డు వచ్చింది.

రాష్ట్రంలో ఎక్కడా లేనివిధంగా ప్రభుత్వ వకీలూ, ముద్దాయి వకీలూ నెలల తరబడి కోర్టులో ఒక్కసారి కూడా పోట్లాడుకోని ఊరు కొండగెడ్డ అని పైవారు గుర్తించారు. దానికి "కొండగెడ్డ నమూనా" అని పేరు పెట్టారు. వసుంధరకూ పట్నాయక్‌కూ కలిపి ఒకే శాలువా కప్పారు. తర్వాత ఠాణా వెనక చెట్లకింద సమన్వయ విందు జరిగింది. కూర పోలీసు శాఖవారిది, పెరుగు న్యాయ రక్షణవారిది, అరిటాకులు ప్రాసిక్యూషన్‌వారివి. వసుంధర మొదట మొహమాటపడింది. కానీ కూర చాలా బాగా కుదిరింది, ముక్క వెన్నలా ఉంది. రెండోసారి తనే అడిగి వేయించుకుంది. శాలువా కప్పించుకున్న రోజు మనిషికి ఆకలి కాస్త ఎక్కువే అవుతుంది.

అవార్డు వెంటనే దాని ఫలితం కూడా వచ్చింది. కొండగెడ్డ నమూనాను మిగతా ఊళ్లవాళ్లకు నేర్పటానికి పట్నాయక్‌ను రాష్ట్రమంతా తిరగమన్నారు. అతని కుర్చీ ఖాళీ అయింది. రాజవర్ధనరావుగారు మళ్లీ జీపు దిగి, వసుంధర చేతిలో ఒక కాగితం పెట్టారు. ప్రభుత్వ వకీలు పనికి కూడా ఆమెనే ఇన్‌చార్జిగా వేశారు.

"ఇద్దరి పనీ నేనే ఎలా చేస్తానండీ?"

"ఎందుకు చేయలేరు? తమరిద్దరూ కొన్ని మాసములుగా ఒక్క మాటయే పలుకుచున్నారు. ఒక్క మాటకు రెండు నోళ్లు దేనికని ఆర్థిక శాఖవారు ప్రశ్నించినారు. సమాధానము దొరకలేదు."

వసుంధరకు కోపం రావలసింది. రాలేదు. తల లోపల ఎక్కడో దీపం వెలిగింది. సింహాచలాన్ని సాక్షిగా పిలిచే హక్కు ఇన్నాళ్లూ పట్నాయక్ జేబులో ఉండిపోయింది. ఇప్పుడా జేబు తనది. కాగితం కళ్లకద్దుకున్నంత పని చేసింది.

తలుపు మూసుకుని, తనతో తనే సమన్వయ సమావేశం జరుపుకుంది. కూర్మయ్య నిర్దోషి అని ఏకగ్రీవంగా తీర్మానించి పంపింది. రాజవర్ధనరావుగారు దాన్ని తిప్పి పంపారు. "ఇందు విభేదము కానరాదు. విభేదము లేనిచోట సమన్వయము జరిగినదనుట ఎట్లు? తమరు ముందుగా తమతో విభేదింపవలెను. న్యాయస్థానమునందే విభేదించి చూపినచో, నేను స్వయముగా హాజరై సమన్వయపరచెదను."

"కోర్టులో నాతో నేను పోట్లాడొచ్చా?" అని ఫోనులో అడిగింది వసుంధర.

"తమరు రెండు శాఖలైనను ఒక్క మనిషి. ఒక్క మనిషి తనను తాను ఖండించుకొనుట ఉత్తర్వునందు నిషేధింపబడలేదు."

ఆ రోజు కోర్టు హాలు కిటకిటలాడింది. వసుంధర కుడివైపున ప్రభుత్వ వకీలు బల్లదగ్గర నిలబడి, కళ్లజోడు సవరించుకుంది. "ఈ కూర్మయ్య దొంగ" అని మొదలుపెట్టింది. ఎన్నో నెలలుగా కట్టేసి ఉంచిన నోరు అది, ఒక్కసారి కట్టతెగింది. గొర్రెల కాపరికి పొట్టేలు మీద ఆశ ఎంత సహజమో, సాయంకాలం వేళ మందలో కలుపుకోవటం ఎంత తేలికో ఆమె చెబుతుంటే బోనులో కూర్మయ్య వణికాడు. వెనకబెంచీలో తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మేజిస్ట్రేటుగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన వాదన అనేదాన్ని విని చాలా కాలమైంది.

"నా మొదటి సాక్షి, ఫిర్యాది సింహాచలం" అంది వసుంధర.

రాజవర్ధనరావుగారు చటుక్కున లేచారు. సింహాచలం అప్పటికే బోనెక్కేశాడు. వెంట పొట్టేలు కూడా వచ్చింది, బయట కట్టేస్తే క్రోటన్లు తింటోందని ఎవరో తాడు విప్పి పంపేశారు.

"నీ పొట్టేలు పోయిందా?" అని అడిగింది కుడివైపు వసుంధర.

"పోయిందండి."

ఆమె నడిచి ఎడమవైపున ముద్దాయి వకీలు బల్లదగ్గరకు వెళ్లింది. నడుము మీద చెయ్యి వేసుకుంది. "ఇదెవరి పొట్టేలు?"

"నాదేనండి. మూడోనాడే వచ్చీసిందండి. అప్పట్నించీ వాయిదా వాయిదాకీ తెస్తన్నాను, ఒక్కలూ అడగనేదు."

"ఆ పొట్టేలు శాఖాపరముగా రాలేదు!" అని అరిచారు రాజవర్ధనరావుగారు. పొట్టేలు ఆయన వంక చూసి గట్టిగా అరిచింది.

మేజిస్ట్రేటుగారు పొట్టేలు వంక చూశారు. ఈ ప్రశ్న తను కూడా ఇన్నాళ్లూ అడగలేదని ఆయనకు గుర్తొచ్చి ఉండాలి, మొహం ఎర్రబడింది. తర్వాత కేసు కొట్టేశారు. కూర్మయ్యను వెంటనే వదిలేయాలనీ, జప్తు చేసిన అతని పొట్టేలును అతనికి అప్పగించాలనీ చెప్పి, లోపలికి వెళ్లిపోయారు.

కోర్టు మెట్లమీద తవిటమ్మ వసుంధర కాళ్లకు దండం పెట్టబోయింది. వసుంధర పట్టుకుని లేపింది. ఎన్నాళ్లకో తన ఉద్యోగం తను చేసినట్టనిపించి ఆమె కళ్లు చెమర్చాయి. "పదండి, మీ పొట్టేల్ని కూడా ఇప్పించేస్తాను" అంది. మెట్లకింద నిలబడ్డ ఎస్సై నేల చూపులు చూస్తున్నాడు.

"పొట్టేలేదండీ ఎస్సైగారూ?"

ఎస్సై సమన్వయాధికారి వంక చూశాడు. ఆయన గొంతు సవరించుకున్నారు. "మేతకు బడ్జెట్ లేని కారణమున, రెండవ సమావేశ తీర్మానము ననుసరించి సదరు పొట్టేలు విషయమై తగు చర్య తీసుకొనబడినది. అది సమన్వయ విందునందు వినియోగింపబడినది. తీర్మానముపై తమరి సంతకమున్నది. విందునందు తమరును పాల్గొన్నారు. ముద్దాయి తరఫు న్యాయవాదియే ఆరగించియుండగా, ముద్దాయి సమ్మతియు ఉన్నట్లే భావింపవలెను."

తవిటమ్మకు ఆ మాటలు అర్థం కాలేదు. కూర్మయ్యకు అర్థమయ్యాయి. అతను కోప్పడలేదు. వసుంధర మొహంలోకి చూసి, "మీరూ తిన్నారేటమ్మా?" అని మాత్రం అడిగాడు.

ఏ పోలీసూ, ఏ వకీలూ మూయించలేని నోరు అది. రెండోసారి ముక్క అడిగి వేయించుకున్నదీ ఆ నోటితోనే. తవిటమ్మ గేదెపాలు పట్టి పెంచిన పిల్ల. ఠాణాలో చూసిరమ్మంటే వెళ్లి చూడని పొట్టేలు.

"తిన్నాను" అంది.

కూర్మయ్య తలూపాడు. భార్య భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుపోసాగాడు. వసుంధర నాలుగంగల్లో వెళ్లి వాళ్లకు అడ్డం నిలబడింది. ఇంటికి కాదు, ఇటు రమ్మంది. వాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని ఎండలో నడిచి, తిన్నగా ఠాణాలోకి వెళ్లి, ఎస్సై బల్లముందు నిలబడింది. వెనకాలే ఎస్సై పరుగున వచ్చి, టోపీ తీసి, కూర్చున్నాడు.

"ఫిర్యాదు రాసుకోండి. కూర్మయ్య పొట్టేలు పోయింది. తిన్నవాళ్ల పేర్లు చెబుతాను. మొదటి పేరు లెంక వసుంధర."

ఎస్సై కలం తియ్యలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఇప్పుడిదంతా ఎందుకండీ? ఇది రాస్తే మీ శాఖకీ మా శాఖకీ పెద్ద గొడవైపోద్ది."

వసుంధర కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లజోడు సవరించుకుంది.

"అవ్వాలండీ. నాకు జీతమిస్తున్నది దానికే."